విషయం ఇక్కడ చెప్పలేము

గురువారం ఉదయం ఏడు గంటలకు సాకిన్ అక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం పన్నెండింటికి ఊరి గ్రంథాలయంలో ముప్పై మంది మనుషులు కూర్చుని ఉండాలి. వాళ్ళు చదవనక్కర లేదు. కూర్చుంటే చాలు.

తెరెక్-బులాక్ గ్రంథాలయంలో ఆమె ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. బుధవారం సాయంత్రం జిల్లా కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. తనిఖీనాడు పాఠకులు ముప్పై మందికి తక్కువగా కనిపించిన గ్రంథాలయాలను మూసేస్తారట. పుస్తకాలను పక్క ఊరికి తరలించి, గదిని ఉన్ని నిలవ చేసుకోవడానికి ఇస్తారట. తనిఖీకి ఎసెంగుల్ అనే అధికారి మర్నాడు పన్నెండింటికే వస్తాడట. రిజిస్టరులో రెండువందల పన్నెండు మంది పాఠకులు ఉన్నారు. వాళ్ళలో సగంమంది పట్నాలకు వెళ్ళిపోయారు. పాతికమంది ఊరి పైనున్న శ్మశానానికి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు కానీ గ్రంథాలయానికి అందరికంటే దూరంగా ఉన్నది వాళ్ళే.

నిజంగా వచ్చేవాళ్ళు ఇద్దరు. ఒకరు గ్రంథాలయం పక్కింటి సాదిర్ తాత. ఎనభై ఏడేళ్ళు. రోజూ వచ్చి వారం కిందటి వార్తాపత్రిక చదివి, అందులో ఉన్నదంతా అబద్ధమని చెప్పి వెళ్ళేవాడు. కంట్లో పొర తీయించుకోవడానికి సోమవారం జిల్లా ఆసుపత్రికి వెళ్ళాడు. ఆయనకు ఫోన్ లేదు. ఆసుపత్రివాళ్ళు నంబరు అడిగితే సాకిన్ అక్క నంబరు ఇచ్చాడు.

రెండోది కుందుజ్. పదహారేళ్ళ పిల్ల. బడిలో ఆమె గొంతు విన్నవాళ్ళు తక్కువ. హాజరు పిలిచినప్పుడు కూడా పక్కనున్న పిల్లే "వచ్చింది" అని చెప్పేది. బడి వదలగానే గ్రంథాలయానికి వచ్చి, పొయ్యికి ఎడమవైపు కిటికీ దగ్గరున్న కుర్చీలో కూర్చుని, చదివినంతసేపు చదివి, తర్వాత డైరీ రాసుకునేది. ఆ కిటికీలోంచి ఒకపక్క సరస్సు, ఒకపక్క ఖుబానీ చెట్లు కనిపిస్తాయి. ఇంట్లో అయిదుగురు చెల్లెళ్ళు ఉన్నారు. భూమ్మీద ఆమెకు దొరికిన నిశ్శబ్దం ఆ కుర్చీ ఒక్కటే. గది ఉన్నికి పోతే ఆ కుర్చీ కూడా పోతుంది.

ఆరోజు బడికి సెలవు. అందుకని కుందుజ్ పొద్దున్నే వచ్చింది. సాకిన్ అక్క గోడలకు సున్నం కొడుతూ పని అప్పజెప్పింది.

"నీ వేళ్ళు చురుకు. ఊరి గ్రూపులో ఒక ముక్క రాసి పెట్టు. నా పేరుతో."

ఊరి గ్రూపులో నూట అరవై మంది ఉన్నారు. తప్పిపోయిన మేకలు, అమ్మకానికి గడ్డి, గులాబీ బొమ్మలతో శుభోదయాలు అందులో వస్తుంటాయి. గ్రంథాలయం గోడలు మూరెడు మందం కాబట్టి లోపల సిగ్నల్ అందదు. కుందుజ్ బయట చెక్క మెట్టు మీద, ఎడమ అంచున నిలబడింది. అక్కడ మాత్రం రెండు గీతలు వస్తాయి. ఆమె ఇలా రాసింది: "మన గ్రంథాలయం మూతపడకుండా ఉండాలంటే ఈరోజు అందరూ వచ్చి పుస్తకాలు చదవాలి."

సాకిన్ అక్క సున్నం కుంచెతోనే వచ్చి చూసింది.

"పుస్తకాలు అన్న మాట తీసెయ్. అది చూశారంటే ఒక్కడు గడప దాటడు."

"చదవాలి అన్నది ఉంచనా?"

"అది ముందు తీసెయ్."

"మూతపడుతుందన్నది?"

"మూతపడితే ఉన్ని కొట్టు వస్తుందని సంబరపడతారు. ఒరోజ్‌బై ఇంట్లో నాలుగేళ్ళ ఉన్ని మూలుగుతోంది. అదీ తీసెయ్."

అన్నీ తీసేశాక 'రావాలి' అన్నది ఒక్కటే మిగిలింది.

"మరి ఎందుకు రావాలో చెప్పొద్దా అక్కా?"

"విషయం ఇక్కడ చెప్పలేము అని రాయి. మనవాళ్ళకు తెలియని సంగతి అంటే ప్రాణం. పెద్దలు తప్పకుండా రావాలని రాయి, వాళ్ళు కదిలితే మందంతా కదులుతుంది. శుభ్రమైన బట్టలు వేసుకోమను, ఆ అధికారి ఫోటో తీస్తాడు. ఇకిలించుకుంటూ రావద్దని మర్యాదగా చెప్పు. సర్కారు ఫోటో."

కుందుజ్ మళ్ళీ రాసింది. "ఊరివాళ్ళందరికీ నమస్కారం. ఈరోజు పదకొండింటికల్లా అందరూ గ్రంథాలయం దగ్గరికి రావాలి. విషయం ఇక్కడ చెప్పలేము. వచ్చాక తెలుస్తుంది. పెద్దలు తప్పకుండా రావాలి. శుభ్రమైన బట్టలతో, హుందాగా రండి. ఇట్లు, సాకిన్."

సాకిన్ అక్క చదివి తృప్తిపడింది. "ఇది ఉత్తరమంటే. ఒక్క పొల్లు మాట లేదు."

పది నిమిషాల్లో జవాబులు వచ్చాయి. అన్నీ జోడించిన చేతుల బొమ్మలే. ఎనభై ఏడు. ఎప్పుడూ ప్రతిదానికీ పేచీపెట్టే గ్రూపులో ఒక్కరు కూడా ఎందుకు, ఏమిటి అని అడగలేదు. మేక తప్పిపోయిందన్నా నీదేనని రుజువేమిటని అడిగేవాళ్ళు, ఈరోజు ఒక్క ప్రశ్న వేయలేదు. ఇంత మంచివాళ్ళను ఇన్నాళ్ళూ తప్పుగా అనుకున్నానని కుందుజ్ డైరీలో రాసుకుంది.

అడగకపోవడానికి కారణం ఉంది. ఆ కొండల్లో చావుకబురు ఎవరూ మొహాన చెప్పరు. అది మోటుతనం. పోయినవాళ్ళ ఇంటికి పక్కింట్లో నెమ్మదిగా జనాన్ని పోగుచేస్తారు. ఎందుకో చెప్పరు. పిలుపు అందుకున్నవాళ్ళు అడగరు. పెద్దలంతా చేరాక, అయినవాళ్ళను మధ్యలో కూర్చోబెట్టి, చుట్టుతిప్పి చుట్టుతిప్పి, చివరికి చెబుతారు. కుందుజ్‌కు పదహారేళ్ళు కాబట్టి ఆ పిలుపు ఎలా ఉంటుందో తెలియదు. సాకిన్ అక్కకు బాగా తెలుసు, కానీ ఆమె తలనిండా సున్నం, తనిఖీ.

ఊరి చివర ఒరోజ్‌బై ఇంట్లో కోడలు ఆ సందేశాన్ని పైకి చదివింది. అరవై నాలుగేళ్ళ ఒరోజ్‌బై ఒకప్పుడు ట్రాక్టర్ల దళానికి నాయకుడు. ట్రాక్టర్లు పోయాయి, నాయకత్వం పోలేదు. ఊళ్ళో పెళ్ళయినా చావయినా ఆయన చెయ్యెత్తకుండా కట్టె కదలదు. దగ్గరి అక్షరాలు కనిపించవు. కళ్ళజోడు పెట్టుకుంటే వయసు కనిపిస్తుందని పెట్టుకోడు.

"మళ్ళీ చదువు," అన్నాడు. కోడలు మళ్ళీ చదివింది. ఆయన టీ గిన్నె కింద పెట్టేశాడు.

"సాదిర్ పెద్దాయన," అన్నాడు.

"అందులో పేరు లేదు మావయ్యా."

"ఉంటే అది కబురెలా అవుతుంది? గ్రంథాలయం ఎవరింటి పక్కన? ఆసుపత్రిలో ఎవరున్నారు? వాళ్ళ దగ్గర ఎవరి నంబరుంది? పాపం సాకిన్, ఎంత పద్ధతిగా పంపింది. ఈ కాలంలో ఇంత పద్ధతి ఎవరికుంది? నా టోపీ తియ్యి. మీ పెదమావయ్యకు ఫోన్ చేసి నల్ల గొర్రెను పట్టుకోమను."

కబురు చెప్పాకే చావు గుడారం వెయ్యాలని ఆచారం. కానీ ఒరోజ్‌బై ఎప్పుడూ ఒక అడుగు ముందుంటాడు. తొమ్మిదిన్నరకు గ్రంథాలయం పెరట్లో ఒక లారీ ఆగింది. అందులోంచి ఉన్ని గుడారం తాలూకు కర్రలు, చాపలు, తాళ్ళు దిగుతున్నాయి. సాకిన్ అక్క సున్నం చేతులతో వాకిట్లోకి వచ్చింది.

"ఒరోజ్‌బై అన్నా, గుడారం ఎందుకు?"

"ఇంతమంది నీ గదిలో పడతారా చెల్లీ?"

నిజమే, పట్టరు. ఆమె లారీ వెనక కట్టేసిన నల్ల గొర్రెను చూసింది.

"గొర్రె కూడానా?"

"వచ్చినవాళ్ళను ఆకలితో పంపుతామా?"

అదీ నిజమే. ఒరోజ్‌బై ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వేం పట్టించుకోకు. నీకు మొదట తెలిసింది. ఆ బరువు ఎలాంటిదో నాకు తెలుసు. గట్టిగా ఉండు."

సాకిన్ అక్క లోపలికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. "చూశావా కుందుజ్, మూతపడుతుందని ఎలా తెలిసిందో అందరికీ తెలిసిపోయింది. వీళ్ళకు గ్రంథాలయమంటే ఇంత ప్రేమని ఇరవై రెండేళ్ళలో ఒక్కనాడు అనుకోలేదు." అంటూ నిజంగానే ఏడ్చింది. కిటికీలోంచి చూసినవాళ్ళకు ఇంకే అనుమానమూ మిగల్లేదు.

పదిన్నర నుంచి జనం రావడం మొదలైంది. మగవాళ్ళు తెల్లని ఉన్ని టోపీలతో, ఆడవాళ్ళు ముదురు రంగు రుమాళ్ళతో. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. ఒకరి తర్వాత ఒకరు సాకిన్ అక్క చేతులు పట్టుకుని వదిలేస్తున్నారు. ముప్పై దాటారు, యాభై దాటారు. కొందరు పెరట్లో గుడారం కడుతున్నారు, మిగతావాళ్ళు లోపల బల్లల చుట్టూ సర్దుకున్నారు. ఒరోజ్‌బై గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి ఆజ్ఞ వేశాడు.

"ఫోన్లు కట్టేయండి. ఇలాంటిచోట ఫోన్ ఏంటి సిగ్గులేకుండా."

యాభై ఫోన్లు జేబుల్లోకి పోయాయి. అప్పుడు ఒక చిక్కు వచ్చింది. మాట్లాడకూడదు, అడగకూడదు, ఫోన్ చూడకూడదు. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తే ఏడుపొస్తుంది, లేదా ఇంకా ఘోరంగా నవ్వొస్తుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తెలియలేదు. పాలు పితికే బత్మా అనే ఆవిడ ఏమీ తోచక వెనక అరలోంచి ఒక పుస్తకం లాగి మొహానికి అడ్డం పెట్టుకుంది. గొర్రెల గజ్జికి చికిత్స మీద పుస్తకం అది. ఆమె పక్కనున్నవాడు బీట్‌రూట్ సాగు తీశాడు. ఇంకొకాయనకు మూడు భాగాల నవలలో మూడో భాగం దొరికింది. పావుగంటలో గదిలో అందరి మొహాలూ అట్టల వెనక్కి వెళ్ళిపోయాయి. మరో పావుగంటకు పేజీలు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. మొహం దాచుకోవడానికైనా సరే, కళ్ళముందు అక్షరం ఉంటే మనిషి చదవకుండా ఉండలేడని కుందుజ్‌కు ఆరోజే తెలిసింది.

పదకొండుంపావుకు అనిపా అవ్వ వచ్చింది. సాదిర్ తాత భార్య. గంపలో నూనెలో వేయించిన వేడివేడి బోర్సోక్ పిండి ఉండలు తెచ్చింది. పక్క పెరట్లో గుడారం లేస్తుంటే ఆమెకూ అర్థమైంది, ఎవరో పోయారని. అక్కడ చావింటికి ఇరుగుపొరుగు పిండివంట చేసి తేవడం ఆచారం. ఆమెను చూడగానే గదంతా లేచి నిలబడింది. ఒకరు గంప లాక్కున్నారు, ఒకరు దిండు వేశారు, ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"నన్నెందుకు కూర్చోబెడతారే? నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. గిన్నెలు కడుగుతాను."

"నువ్వేం చెయ్యొద్దు అవ్వా. నువ్వు కూర్చో చాలు."

అనిపా అవ్వ చుట్టూ చూసింది. సాకిన్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సాకిన్ మొగుడు మందతో కొండమీదికి వెళ్ళి పది రోజులైంది. పోయింది అతనేనని అవ్వ లెక్క తేలిపోయింది. సాకిన్ తలను గుండెకు హత్తుకుంది.

"ఊరుకో తల్లీ. వచ్చింది పోక తప్పదు. మంచిది ఎప్పుడూ తొందరగానే పోతుంది."

"ఇరవై రెండేళ్ళ అనుబంధం అవ్వా."

"నాకు తెలీదా. నీ పెళ్ళికి పాలు పోసింది నేనే కదా."

దానికీ దీనికీ ఏమిటి సంబంధమని సాకిన్ అక్కకు ఒక్క క్షణం అనిపించింది కానీ, ఏడుస్తున్నప్పుడు అలాంటివి తట్టవు.

కుందుజ్ కిటికీ పక్క తెర వెనక తన కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. గదిలో యాభై మంది ఉంటే ఆమెకు ఊపిరాడదు. కిటికీ బయట, చేతికందేంత దూరంలో, ఒరోజ్‌బై ఇద్దరు పెద్దలతో గుసగుసలాడుతున్నాడు.

"పన్నెండుకు చెబుదాం. పాపం అనిపా అత్తకు ఇంకా ఏమీ తెలీదు. గంప పట్టుకుని వచ్చింది చూశారా, నా ప్రాణం ఉసూరుమంది."

"ఆసుపత్రివాళ్ళు ఎన్నింటికి చేశారట ఫోను?"

"సాకిన్‌ను అడగలేదు. ఎలా అడుగుతాం? సాదిర్ పెద్దాయన లేడన్నాక గంటలతో పనేముంది?"

కుందుజ్ రాయడం ఆపేసింది. పొద్దున తను రాసిన ఉత్తరం ఒక్కో ముక్కే గుర్తొచ్చింది. విషయం ఇక్కడ చెప్పలేము. పెద్దలు తప్పకుండా రావాలి. హుందాగా.

గోడ గడియారంలో పన్నెండుకు పాతిక నిమిషాలు తక్కువ. ఇప్పుడు చెబితే అందరూ తిట్టుకుంటూ ఇళ్ళకు పోతారు. పన్నెండింటికి అధికారి వచ్చి ఖాళీ బల్లలు చూస్తాడు. గది పోతుంది, కుర్చీ పోతుంది. చెప్పకపోతే, అరవై ఏళ్ళు కాపురం చేసిన ముసలావిడకు నీ మొగుడు చచ్చాడని చెబుతారు. కుందుజ్ కిటికీలోంచి సరస్సు వైపు చూసింది. ఖుబానీ పూరేకులు గాలికి లేచి, కడుతున్న గుడారం మీద పడుతున్నాయి. ఈ కుర్చీలోంచి ఇదే చివరిసారి చూడటం అనుకుంది. డైరీలో కాగితం చించి రాసింది: "సాదిర్ తాత చనిపోలేదు. ఇది పుస్తకాల తనిఖీ. తప్పు నాది."

నోటితో చెప్పే ధైర్యం లేదు కాబట్టి కాగితాన్ని తీసుకెళ్ళి ఒరోజ్‌బై చేతిలో పెట్టింది. ఆయన కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు. పక్కన పెద్దలు చూస్తున్నారు. గంభీరంగా తల ఊపాడు.

"చాలా బాగా రాశావు తల్లీ. చిన్నపిల్లవైనా గుండె పెద్దది. ఏడోరోజు సంతాపంలో అందరి ముందూ చదివిద్దాం." మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"అది కాదు పెదనాన్నా," అంది కుందుజ్. అది ఆమెకు మాత్రమే వినిపించింది.

సాకిన్ అక్కకు చెబుదామని చూస్తే, ఆమె చుట్టూ నాలుగు వరసల ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళను తోసుకుని వెళ్ళాలంటే జరగండి అనాలి. ఆ మాట రాక ఆమె ఆ వరసల వెనకే నిలబడిపోయింది.

పన్నెండుకు పది నిమిషాలుండగా పెద్దలు లోపలికి వచ్చారు. పుస్తకాలు కొద్దిగా కిందికి దిగాయి. ఒరోజ్‌బై అనిపా అవ్వ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"అత్తా, ఎంత గొప్ప గుర్రమైనా ఒకనాడు పరుగు ఆపుతుంది కదా."

"ఆపుతుంది నాయనా," అంది అవ్వ.

"కొండమీది మంచు వేసవిలో నిలవదు కదా."

"ఎక్కడ నిలుస్తుంది."

"ఎక్కి వచ్చిన అతిథి దిగి వెళ్ళాల్సిందే కదా."

"వెళ్ళకపోతే మనమే పంపిస్తాం."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత నిబ్బరం ఎక్కడా చూడలేదు. ఒరోజ్‌బై చెమట తుడుచుకున్నాడు. "నువ్వు గట్టిగా ఉండాలత్తా."

"నాకేమైంది, గట్టిగానే ఉన్నాను. ఆ మాట పాపం ఆ పిల్లకు చెప్పండి." సాకిన్ వైపు చూపించింది.

ఒరోజ్‌బైకి ఉపమానాలు అయిపోయాయి. ఇక సూటిగా చెప్పక తప్పదు. నోరు తెరిచాడు.

అప్పుడు కుందుజ్ అరిచింది. పదహారేళ్ళలో మొదటిసారి. ఆ గొంతు ఎవరిదో కూడా మొదట ఎవరికీ తెలియలేదు.

"సాదిర్ తాత బతికే ఉన్నాడు."

ఒరోజ్‌బై కళ్ళు నిండిపోయాయి.

"అవును తల్లీ," అన్నాడు. "మన అందరి గుండెల్లో బతికే ఉన్నాడు."

దానితో ఆగివున్న ఏడుపంతా ఒక్కసారి తెంచుకుంది. ఆడవాళ్ళు పుస్తకాలు గుండెకు ఆనించుకుని రాగం తీశారు. ఒరోజ్‌బై నడుముకు తుండు బిగించి, మగవాళ్ళతో పెరట్లోకి వెళ్ళి, కర్ర మీద వాలి "అయ్యో నా తండ్రీ" అని అందుకున్నాడు. కుందుజ్ "కాదు, నిజంగానే, నిజంగా బతికే" అంటూనే ఉంది. బత్మా ఆమెను దగ్గరికి తీసుకుని, "పిల్లది తట్టుకోలేకపోతోంది," అంది.

అనిపా అవ్వ ఏడవలేదు. దిండు మీద అలాగే కూర్చుంది.

"మా ముసలాడా?" అంది చిన్నగా. "నాతో చెప్పకుండానా?"

ఆ మాటకు కుందుజ్ ఆమె కాళ్ళ దగ్గర కూలబడి చెయ్యి పట్టుకుంది. ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

సరిగ్గా అదే సమయానికి జిల్లా కార్యాలయం జీపు పక్కింటి గేటు ముందు ఆగింది. దారిలో ఆసుపత్రి ముందు కంటికి కట్టుతో నిలబడ్డ ముసలాయన చెయ్యెత్తితే అధికారి ఎసెంగుల్ ఎక్కించుకుని వచ్చాడు. సాదిర్ తాత తన గేటు దగ్గర దిగాడు. ఇంట్లో ఎవరూ లేరు. కంచె అవతల ఉన్ని గుడారం, మగవాళ్ళ ఏడుపు. ఎవరు పోయారో తెలియదు. కానీ చావింటికి నోరు మూసుకుని వెళ్ళడం మర్యాద కాదు. ఆయన కర్ర మీద వాలి, కంచె సందులోంచి "అయ్యో నా తమ్ముడూ, నన్ను వదిలి ఎలా పోయావయ్యా" అని ఊరంతా వినబడేలా ఏడుస్తూ వచ్చాడు.

వచ్చినవాళ్ళను వాటేసుకుని ఏడవడం ఆనవాయితీ. ఒరోజ్‌బై కళ్ళు మూసుకునే ఎదురెళ్ళి వాటేసుకున్నాడు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చాలాసేపు ఏడ్చారు.

"ఎంత మంచివాడు," అన్నాడు ఒరోజ్‌బై.

"అలాంటివాడు మళ్ళీ పుట్టడు," అన్నాడు సాదిర్ తాత. ఆపైన చెవిలో మెల్లగా, "ఇంతకీ ఎవరు?" అన్నాడు.

ఒరోజ్‌బై కళ్ళు తెరిచాడు.

ఇదంతా పెరట్లో. ముందు గుమ్మంలో అధికారి ఎసెంగుల్ చేతిలో కాగితాల అట్టతో నిలబడిపోయాడు. ఆ ఏడాది ఆయన పదకొండు గ్రంథాలయాలు చూశాడు, పదకొండింటికీ తాళాలే. ఇక్కడ గదినిండా మనుషులు. అందరి చేతుల్లో పుస్తకాలు. అందరూ వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. ఆయన నెమ్మదిగా బత్మా దగ్గరికి వెళ్ళి అట్టమీది పేరు చదివాడు.

"గొర్రెల గజ్జి," అన్నాడు.

"చెప్పకండి బాబూ," అంది బత్మా ముక్కు చీదుతూ. "గుండె పగిలిపోతోంది."

ఎసెంగుల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. సాకిన్ అక్క ఆయన్ని చూసి, ఇరవై రెండేళ్ళ ఉద్యోగ అలవాటుతో కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది. "మా పాఠకులండీ," అంది. ఆయన తల ఊపాడు. ఫోన్ తీసి ఆరు ఫోటోలు తీశాడు.

ఏడో ఫోటోలో మాత్రం పెరటి తలుపు తెరుచుకుని ఉంది. అందులో సాదిర్ తాత ఉన్నాడు, ఆయన వెనక మొహం తెల్లబోయిన ఒరోజ్‌బై ఉన్నాడు. అది తీసి, ఫోటోలు జిల్లాకు పంపడానికి సిగ్నల్ వెతుక్కుంటూ ఎసెంగుల్ బయటి మెట్టు మీదికి వెళ్ళిపోయాడు. గదిలో ఏడుపు ఒక్కసారి ఆగిపోయింది. అనిపా అవ్వ మొగుణ్ణి కింది నుంచి పైదాకా చూసింది.

"వచ్చావా," అంది. "కనీసం చావడం కూడా చేతకాదు ఈ మనిషికి." అప్పుడు ఏడ్చింది.

నేను పోయానని ఎవరన్నారని సాదిర్ తాత అడిగాడు. అందరూ అందరివైపు చూశారు. తీరా చూస్తే ఎవరూ అనలేదు. ఫోన్లు తెరిచి సందేశం మళ్ళీ చదివారు. అందులోనూ లేదు. ఒరోజ్‌బై కోటు జేబులోంచి కాగితం తీసి కోడలికి ఇచ్చాడు. ఆమె చదివి, మావయ్య మొహం చూసి, మడిచి మళ్ళీ ఆయన జేబులోనే పెట్టేసింది.

"సరే, అయిందేదో అయింది," అన్నాడు సాదిర్ తాత. "బాగా ఏడ్చింది ఎవరు?"

గొర్రె ఎలాగూ ఉడికింది. గుడారంలో అందరూ కూర్చున్నారు. గొర్రె తల ఆచారం ప్రకారం సాదిర్ తాతకు పెట్టారు. రెండువందల చావుల్లో తిన్నాను కానీ నా చావుకూడు తినడం ఇదే మొదలు, ఉప్పు కాస్త తక్కువైంది అన్నాడాయన. అధికారి గుడారం అవతలి కొసన కూర్చుని తలలు లెక్కపెట్టుకున్నాడు. నూట ఇరవై నాలుగు. చదివాక కలిసి భోంచేయడం మీ ఊరి పద్ధతా అని అడిగితే సాకిన్ అక్క తల ఊపింది. ప్రతిసారీ ఇలాగే ఏడుస్తారా అని అడిగాడు.

"పుస్తకాన్ని బట్టి ఉంటుందండీ," అంది.

గది పోలేదు. అంతేకాదు, బత్మా మర్నాడే వచ్చి గజ్జి పుస్తకం ఇంటికి తీసుకెళ్ళింది, ఆమె గొర్రెలకు నిజంగానే ఆ జబ్బుందట. మూడో భాగం చదివినాయన మొదటి రెండు భాగాల కోసం వచ్చి, అవి లేవని తెలిసి సాకిన్ అక్కతో గొడవపడ్డాడు. ఇంకో నలుగురు ఊరికే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఒకరికి కిటికీ పక్క కుర్చీ బాగా నచ్చింది. కుందుజ్ వారంరోజులు పొయ్యి వెనక పీట మీద కూర్చుని డైరీ రాసుకుంది. ఎనిమిదో రోజు ఆయన ముందు నిలబడి, "ఇది నా కుర్చీ," అంది. ఒకసారి అరిచాక రెండోసారి అంత కష్టం కాదు. ఆయన లేచాడు.

మే నెలాఖరున జిల్లా నుంచి మరో ఉత్తరం వచ్చింది. తెరెక్-బులాక్ ఇప్పుడు ఆదర్శ గ్రంథాలయం. జూన్ మొదటి గురువారం ఏడు ఊళ్ళ గ్రంథపాలకులను తీసుకుని ఎసెంగుల్ వస్తాడు. ఆరోజు చూసినటువంటి పఠన సభే మళ్ళీ చూపించాలి. అదే సంఖ్యలో, వీలైతే అంతే భావోద్వేగంతో.

ఈసారి నిజమే రాద్దాం అంది కుందుజ్. "జూన్ మొదటి గురువారం అందరూ పుస్తకాలు చదవడానికి రావాలి" అని గ్రూపులో పెట్టింది. మధ్యాహ్నం దాకా మూడు జవాబులు వచ్చాయి. ఒకరు మాంసం ఉంటుందా అని అడిగారు. ఒకరు గులాబీ పంపారు. ఒరోజ్‌బై తన కోడలి చేత, ఉన్ని కత్తిరింపుల రోజులు, కుదరదు అని రాయించాడు.

సాకిన్ అక్క తల పట్టుకుంది. బల్ల అవతల సాదిర్ తాత కొత్త కంటితో వారం కిందటి పత్రిక చదువుతున్నాడు. ఇప్పుడు అబద్ధాలు మరీ స్పష్టంగా కనిపిస్తున్నాయట. పేజీ తిప్పి, తల ఎత్తకుండానే అన్నాడు.

"కంగారెందుకు? ఇంకో కన్నుంది కదా. డాక్టరు జూన్ మొదటివారమే రమ్మన్నాడు."

"ఈసారి నాకు ముందు చెప్పండి," అంది కంచె అవతల నుంచి అనిపా అవ్వ. "నల్ల రుమాలు ఉతికి పెట్టుకుంటాను."

కుందుజ్ ఫోన్ తీసుకుని చెక్క మెట్టు మీద ఎడమ అంచున నిలబడి, పొద్దున రాసినది చెరిపేసి, "విషయం ఇక్కడ చెప్పలేము" అని మొదలుపెట్టింది.